పెంటాటోనిక్ బాక్సులు బట్టీ పట్టాక కూడా సోలో ఎందుకు రాదు

వైజాగ్‌లో గిటార్ నేర్చుకునేవాళ్ళకి ఇప్పుడు కొదవ లేదు. ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, గాజువాక, ఎటు వెళ్ళినా ఏదో ఒక మేడ మీద క్లాసు బోర్డు కనిపిస్తుంది, సాయంత్రమైతే ఆర్కే బీచ్ గట్టు మీద నాలుగు కార్డులతో (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టులు) పాటలు పాడుకునే కుర్రాళ్ళు ఎలాగూ ఉంటారు. వీళ్ళలో చాలామంది కొన్నాళ్ళకి వచ్చి ఇరుక్కునే చోటు ఒకటే, పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల స్కేలు, దాన్ని గిటార్ మెడ మీద పట్టే వేళ్ళ ఆకారాలే బాక్సులు. రీల్స్ తెరిస్తే ఒకాయన "ఈ ఒక్క బాక్సు చాలు, ఏ పాటకైనా సోలో కొట్టేయొచ్చు" అంటాడు. ఇంకొకాయన "ఐదు బాక్సులూ రాకపోతే మీకు ఫ్రెట్‌బోర్డు రానట్టే" అంటాడు. మూడో ఆయన "ఎ మైనర్ పెంటాటోనిక్, సి మేజర్ పెంటాటోనిక్ రెండూ ఒకటే" అని ఒక ముక్క చెప్పి, ఎందుకో చెప్పకుండా వీడియో ముగించేస్తాడు. ఈలోగా చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న పిన్ని పక్కగదిలోంచి విని "ఇది మోహన కదరా" అంటుంది, మర్నాడు అదే బాక్సు వాయిస్తుంటే "ఇవాళ హిందోళంలా ఉందేంటి" అంటుంది.

తమాషా ఏంటంటే ఈ నలుగురిలో పూర్తిగా తప్పు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్తున్నారు, ఆ ముక్కలు అతికేది ఎక్కడో ఎవరూ చెప్పట్లేదు, అంతే. నన్నడిగితే ఈ గందరగోళం మొత్తం ఒక్క ప్రశ్న దగ్గర విడిపోతుంది: మీరు వాయిస్తున్నదాంట్లో స ఏది? దాని దాకా మెల్లగా వెళ్దాం.

పన్నెండు ఫ్రెట్లలోంచి ఐదు

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలే ఫ్రెట్లు, ఒక ఫ్రెట్ ముందుకి జరిగితే స్వరం ఒక సెమీటోన్ పెరుగుతుంది. అలా 12 ఫ్రెట్లు జరిగితే మళ్ళీ మొదటి స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. కర్ణాటక సంగీతంలో చెప్పే పన్నెండు స్వరస్థానాలు దాదాపు ఇవే, ఆ "దాదాపు" సంగతి తర్వాత చూద్దాం. స్కేలు అంటే రెండు నిర్ణయాలు. ఈ పన్నెండులో ఏవి ఉంచుకోవాలి అన్నది ఒకటి, ఉంచుకున్నవాటిలో దేన్ని స అనుకోవాలి అన్నది రెండోది. పాశ్చాత్య పద్ధతిలో ఈ స నే రూట్ నోట్ అంటారు, అక్కడ స్వరాలకి ఎ నుంచి జి దాకా అక్షరాలే పేర్లు. మొదటి నిర్ణయం గురించి అందరూ మాట్లాడతారు, రెండోది ఎవరికీ గుర్తుండదు.

ఐదు స్వరాలు మాత్రమే ఉంచుకుంటే పెంటాటోనిక్, మనవాళ్ళ లెక్కలో ఔడవ రాగం. గిటార్ క్లాసులో ముందుగా చెప్పేది మైనర్ పెంటాటోనిక్. లావు తీగని ఆరోది, సన్న తీగని ఒకటోది అని లెక్కపెట్టుకుంటే ఐదో తీగ ఓపెన్‌గా మీటినప్పుడు ఎ వస్తుంది కదా, ఆ ఒక్క తీగ మీదే 0, 3, 5, 7, 10, 12 ఫ్రెట్లు వరసగా మీటి చూడండి. ఎ, సి, డి, ఇ, జి, మళ్ళీ ఎ. ఇదే ఎ మైనర్ పెంటాటోనిక్. సంగీతం వచ్చినవాళ్ళకి అది స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం, అంటే శుద్ధ ధన్యాసి స్వరాలు. అదే తీగ మీద 0, 2, 4, 7, 9, 12 మీటితే మేజర్ పెంటాటోనిక్: స, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప, చతుశ్రుతి ధైవతం. ఇది మోహన, సంగీతం క్లాసులో "వరవీణా మృదుపాణి" గీతం పాడిన ఎవరి చెవికైనా వెంటనే తగులుతుంది.

ఈ ఐదే ఎందుకు కలిశాయి

ఇది ఎవరో కూర్చుని చేసిన ఎంపిక అనుకుంటారు గానీ దీని వెనక చిన్న లెక్క ఉంది. స తర్వాత చెవికి బాగా కలిసే స్వరం ప, రెండింటి కంపనాల నిష్పత్తి 2:3. లెక్కకి వీలుగా స సెకనుకి 100 కంపనాలు అనుకుందాం. ప 150 అవుతుంది. ఆ ప నుంచి ఇంకో పంచమం ఎక్కితే 225, అది పై స్థాయిలో పడింది కాబట్టి సగం చేస్తే 112.5, ఇది రి. దాని పంచమం 168.75, ఇది ద. దాని పంచమం 253 చిల్లర, సగం చేస్తే 126.56, ఇది గ. అక్కడ ఆపి వరసలో పెడితే 100, 112.5, 126.56, 150, 168.75. మోహన వచ్చేసింది. పంచమం మీద పంచమం నాలుగుసార్లు ఎక్కామంతే.

ఇలా పుట్టిన ఐదు స్వరాలకి ఒక గుణం ఉంది, ఏ రెండు పక్కపక్క స్వరాల మధ్యా రెండు ఫ్రెట్ల కంటే తక్కువ దూరం ఉండదు. ఒక్క ఫ్రెట్ ఎడంలో ఉన్న స్వరాలు ఒకేసారి మోగితే చెవిలో గీరుకున్నట్టు ఉంటుంది, ఆ జంటలే ఇక్కడ లేవు. "పెంటాటోనిక్‌లో తప్పు స్వరమే ఉండదు" అనే మాట ఇక్కడి నుంచి వచ్చింది. స్కేలు లోపలి వరకు అది నిజం. కింద కార్డు మోగుతున్నప్పుడు మాత్రం కార్డులోని స్వరాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎఫ్ మేజర్ కార్డు మీద ఎ మైనర్ పెంటాటోనిక్‌లోని ఇ ని పట్టుకుని నిలబడండి, ఇ కి ఎఫ్ కి మధ్య ఒక్క ఫ్రెట్టే. కొందరికి ఆ ఒరిపిడి తియ్యగా ఉంటుంది, కొందరికి పంటి కింద రాయిలా ఉంటుంది, కానీ అది వినపడదని మాత్రం ఎవరూ అనలేరు.

ప్రపంచమంతా పెంటాటోనిక్కే అనే మాట కూడా తరచుగా వింటాం. స్కాట్లాండ్ జానపదాల్లో, చైనా సంగీతంలో, అమెరికా నల్లజాతివాళ్ళ బ్లూస్‌లో ఇలాంటి ఐదు స్వరాల వరసలు ఉన్న మాట నిజమే. అయితే ఇండోనేషియాలోని జావా వాద్యబృందం గామెలాన్‌లో స్లెండ్రో అని ఉంది, దాంట్లోనూ ఐదే గానీ స్థాయిని దాదాపు సమానమైన ఐదు ముక్కలు చేస్తారు, మన ఫ్రెట్లకి అవి అందవు. అంత దూరం ఎందుకు, మన హంసధ్వనిలో నిషాదానికి పై షడ్జానికి మధ్య ఒక్క ఫ్రెట్టే, శివరంజనిలో రి కి గ కి మధ్య ఒక్క ఫ్రెట్టే. అవీ ఐదు స్వరాలవే. కాబట్టి గిటార్ పుస్తకంలో పెంటాటోనిక్ అని రాసి ఉన్నది పెద్ద కుటుంబంలో ఒక శాఖ.

ఐదో ఫ్రెట్ దగ్గరి బాక్సు, దాన్ని వంకర చేసే రెండో తీగ

ఒకే తీగ మీద 12 ఫ్రెట్లు పరిగెత్తడం కష్టం కాబట్టి చెయ్యి కదపకుండా నాలుగైదు ఫ్రెట్ల వెడల్పులో అందేవన్నీ కలిపి బాక్సు అన్నారు. ఎ మైనర్ మొదటి బాక్సు ఇలా ఉంటుంది: ఆరో తీగ 5, 8, ఐదో తీగ 5, 7, నాలుగో తీగ 5, 7, మూడో తీగ 5, 7, రెండో తీగ 5, 8, ఒకటో తీగ 5, 8. మొత్తం పన్నెండు చోట్లు. చూపుడు వేలు ఐదో ఫ్రెట్ వదలదు, ఉంగరం వేలు 7, చిటికెన వేలు 8. చిటికెన వేలు మొదట్లో మాట వినదు, దాని బదులు ఉంగరం వేలే చాపేవాళ్ళు బోలెడంతమంది, బ్లూస్ వాయించేవాళ్ళయితే కావాలనే అలా చేస్తారు.

ఈ ఆకారాలు ఒక పద్ధతిలో లేవేంటి అని విసుక్కునేవాళ్ళకి జవాబు ట్యూనింగ్‌లో ఉంది. గిటార్‌లో పక్కపక్క తీగల మధ్య దూరం 5 ఫ్రెట్లు, ఒక్క మూడో తీగకీ రెండో తీగకీ మధ్యే 4. ఇలా చేస్తే కార్డులు పట్టుకోవడం సులువు, దానికి కట్టే సుంకం స్కేళ్ళ ఆకారం రెండో తీగ దగ్గర ఒక ఫ్రెట్ పక్కకి జరగడం. అంతకు మించి రహస్యం లేదు.

మిగతా నాలుగు బాక్సులు ఇదే వరసని ఫ్రెట్‌బోర్డు మీద పైకి పొడిగిస్తాయి. రెండో బాక్సు ఆరో తీగ 8, 10 దగ్గర, మూడోది 10, 12 దగ్గర, నాలుగోది 12, 15 దగ్గర, ఐదోది 15, 17 దగ్గర మొదలవుతాయి. ఐదోది కిందకి 3, 5 దగ్గర కూడా దొరుకుతుంది. గమనించండి, ఒక బాక్సు కుడి అంచు పక్క బాక్సు ఎడమ అంచు అవుతోంది. అంటే ఇవి ఐదు వేరే స్కేళ్ళు అనుకోవడానికి లేదు, ఒకే ఊరి మ్యాపుని ఐదు పేజీల్లో అచ్చేసినట్టు. ఆ ఊళ్ళో మీ ఇల్లు ఎక్కడో మ్యాపులో రాసి ఉండదు.

వేళ్ళు అవే, శృతి మారితే ఐదు రాగాలు

ఇప్పుడు పిన్ని మాట దగ్గరికొద్దాం. ఫోన్‌లో తంబూర యాప్ ఉంటే చాలు, ఈ ప్రయోగం ఎవరైనా చేసుకోవచ్చు. పైన చెప్పిన మొదటి బాక్సు తప్ప వేరే ఏమీ వాయించకూడదు, మార్చేది శృతి మాత్రమే.

మొదట శృతి ఎ, మన లెక్కలో ఆరు శృతి. ఆరో తీగ ఐదో ఫ్రెట్, నాలుగో తీగ ఏడో ఫ్రెట్, ఒకటో తీగ ఐదో ఫ్రెట్, ఈ మూడూ స. వాటి దగ్గర మొదలుపెట్టి వాటి దగ్గర ఆగితే శుద్ధ ధన్యాసి, కొంచెం బరువుగా, కాస్త బ్లూస్ వాసనతో.

శృతిని సి కి, అంటే ఒకటికి మార్చండి. వేళ్ళు అవే. ఇప్పుడు ఆరో తీగ ఎనిమిదో ఫ్రెట్, మూడో తీగ ఐదో ఫ్రెట్ స అవుతాయి. సి, డి, ఇ, జి, ఎ, అంటే స రి గ ప ద. బరువు దిగిపోయి మోహన తెరుచుకుంటుంది. మూడో వీడియో ఆయన చెప్పకుండా వదిలేసింది ఇదే: ఎ మైనర్, సి మేజర్ పెంటాటోనిక్‌ల స్వరాలు ఒకటే, స వేరు. స్వరాలు ఒకటి కాబట్టి రెండూ ఒకటే అంటే బాక్సు వరకు చెల్లుతుంది, చెవికి చెల్లదు.

శృతి డి పెడితే ఐదో తీగ ఐదో ఫ్రెట్, మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద స. డి, ఇ, జి, ఎ, సి. ఇది మధ్యమావతి, కచేరీ చివర మంగళం పాడేటప్పుడు వినపడే రాగం. మేజరా మైనరా అని గిటార్ వాళ్ళని అడిగితే చెప్పలేరు, ఎందుకంటే అది తేల్చే గాంధారం ఇందులో లేనే లేదు.

శృతి జి అయితే నాలుగో తీగ ఐదో ఫ్రెట్ నుంచి జి, ఎ, సి, డి, ఇ, శుద్ధ సావేరి. ఇందులోనూ గాంధారం లేదు, నిషాదం బదులు ధైవతం ఉంది.

ఇక శృతి ఇ. ఐదో తీగ ఏడో ఫ్రెట్ స, తర్వాత జి, ఎ, సి, డి. ఇది హిందోళం. ఇక్కడొక చిక్కు వస్తుంది. తంబూర మామూలుగా స తో పాటు ప మోగిస్తుంది, ఇ కి పంచమం బి, మన బాక్సులో బి ఎక్కడా లేదు. హిందోళంలో పంచమం వర్జ్యం కాబట్టి గాయకులు తంబూరని ప బదులు మ కి శృతి చేస్తారు, ఇక్కడ ఆ మ అంటే ఎ. యాప్‌లో ఆ మార్పు చెయ్యకపోతే "హిందోళం అంటున్నారు గానీ నాకేం కుదరట్లేదు" అనిపిస్తుంది.

ఒక రాగంలోని ఒక్కో స్వరాన్నీ స గా తీసుకుంటే వేరే రాగం పుట్టే ఈ పద్ధతిని మనవాళ్ళు గ్రహభేదం అంటారు. మోహన ఐదు గడపల్లోంచీ ఐదు రాగాలు బయటికి రావడం దానికి అందరూ చూపించే ఉదాహరణ. కాబట్టి గిటార్‌తో మొదటి అడుగులు వేసేవాళ్ళు చేతిలో ఐదు రాగాల స్వరాలు పెట్టుకుని ఒకదాని పేరే చెప్తున్నారన్నమాట.

ఐదు బాక్సులు, ఐదు రాగాలు: లెక్క కలిసిందని మోసపోవద్దు

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఐదు బాక్సులు, ఐదు రాగాలు, బాగుంది కదా, అయితే రెండో బాక్సు వాయిస్తే మోహన, మూడోది వాయిస్తే మధ్యమావతి అనుకుంటారు. ఆరో తీగ మీద రెండో బాక్సు సి తో మొదలవుతుంది కాబట్టి అనుమానం సహజమే. కానీ ఎ మైనర్ కార్డు మోగుతుండగా పన్నెండో ఫ్రెట్ దగ్గర నాలుగో బాక్సు వాయించినా వినేవాళ్ళ చెవిలో స మాత్రం ఎ దగ్గరే ఉంటుంది. చెయ్యి ఎక్కడుందో వినేవాళ్ళకి తెలియదు. స ని నిర్ణయించేది కింద మోగే శృతి, బేస్, కార్డులు, ఇవేవీ లేకపోతే మీరు ఎక్కడ వాక్యం ముగిస్తున్నారన్నది.

"బాక్సులన్నీ వచ్చు, సోలో రావట్లేదు" అనే బాధలో ఎక్కువ భాగం ఇదే అని నా అభిప్రాయం. బాక్సు కింద నుంచి పైకి, పై నుంచి కిందకి ఒకే వేగంతో వాయించడం అలవాటైతే పన్నెండు చోట్లకీ సమాన విలువ వచ్చేస్తుంది. ఆగాల్సిన చోటు, దాటిపోవాల్సిన చోటు అనే తేడా లేనప్పుడు అది స్వరాల జాబితాలా వినపడుతుంది, మాటలా వినపడదు.

మోహన స్వరాలు వాయిస్తే మోహన వాయించినట్టేనా

సంగీతం మాస్టార్లు చాలామంది ఒప్పుకోరు, వాళ్ళ వాదనలో బలం ఉంది. రాగం అంటే స్వరాల జాబితాతో అయిపోదు, దేని మీద నిలబడాలి, దేన్ని ఊపాలి, దేన్నుంచి దేనికి జారాలి అన్నవన్నీ కలిస్తేనే రాగం. హిందుస్తానీలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. భూపాలీ, దేశ్‌కార్ రెండింటికీ మోహన స్వరాలే, స కూడా అదే. భూపాలీలో గాంధారానికి పెద్దపీట, దేశ్‌కార్‌లో ధైవతానికి. ముఖ్యమైన తేడా అదే, అయినా రెండు వేరే రాగాలు, విన్నవాళ్ళకి పొరపాటు పడే అవకాశం తక్కువ. అంటే స ఎక్కడో తేలాక కూడా కథ అయిపోలేదు.

రెండో పక్షం వాళ్ళు చెప్పేది వేరు. గిటార్ పట్టుకున్న కుర్రాడికి "సి మేజర్ పెంటాటోనిక్" అంటే ఫ్రెట్ నంబర్లే కనిపిస్తాయి, "మోహన" అంటే చిన్నప్పటి నుంచి గుళ్ళో, సినిమాలో, పెళ్ళిళ్ళలో విన్న వందల పాటలు చెవిలో మోగుతాయి. రాగం పూర్తిగా పలక్కపోయినా ఆ పేరు చెవిని సరైన దిక్కుకి తిప్పుతుంది కదా అంటారు. నాకు ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపిస్తుంది, మొదటివాళ్ళు వేదిక గురించి, రెండోవాళ్ళు ఇంట్లో సాధన గురించి.

మరి ఫ్రెట్లున్న వాయిద్యం మీద గమకం పలుకుతుందా అన్న సందేహానికి మన ఉత్తరాంధ్రలోనే జవాబుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది, అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాశ్చాత్య దేశం నుంచి వచ్చిన వయొలిన్ మీద కర్ణాటక సంగీతం ఎలా పలికించారో అందరికీ తెలుసు. కాకపోతే వయొలిన్‌కి ఫ్రెట్లుండవు, కాబట్టి గిటార్‌కి దగ్గరి చుట్టం బొబ్బిలి వీణ. పనస కర్రతో చేసే ఆ వీణకి 24 మెట్లుంటాయి, వైణికులు ఒక మెట్టు మీద తీగని పక్కకి లాగి పైస్వరాలు పలికిస్తారు. గిటార్‌లో బెండ్ అన్నది అదే పని. వీణ మెట్లు ఎత్తుగా ఉండి తీగ బాగా సాగుతుంది, గిటార్ మీద మామూలుగా రెండు ఫ్రెట్ల దూరం లాగితే గొప్ప. పైగా వైజాగ్ ఉప్పు గాలికి స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు తీగ మీద బెండ్ సాధన చేస్తే వేలి చర్మం సంగతి దేవుడెరుగు, స్వరం కూడా సరిగ్గా నిలవదు.

"దాదాపు" అన్నాను కదా మొదట్లో, దాని సంగతి. గిటార్ ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా పంచుతాయి. స 100 అయితే గిటార్ మీది అంతర గాంధారం సుమారు 126. తంబూర షడ్జంలోంచి సహజంగా వినపడే గాంధారం 125 (పైన పంచమాలు ఎక్కి తెచ్చిన 126.56 వేరే లెక్క). అంటే తంబూర పెట్టుకుని మోహన గాంధారం మీద నిలబడితే గిటార్ రవ్వంత ఎక్కువగా పలుకుతుంది. బెండ్‌తో స్వరాన్ని పెంచగలం గానీ తగ్గించలేం, కాబట్టి ఇక్కడ బెండ్ కూడా ఆదుకోదు. శుద్ధ ధన్యాసిలో పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ సహజ గాంధారం 120, ఫ్రెట్ మీద సుమారు 119, కొంచెం లాగితే సరిపోతుంది. మైనర్ పెంటాటోనిక్ గిటార్ మీద బాగా పలుకుతుందన్న భావనకి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

మేజర్ కార్డు మీద మైనర్ స్కేలు: బ్లూస్ పెట్టే చిక్కు

థియరీ కాస్త వచ్చినవాళ్ళని ఎక్కువ తికమక పెట్టేది ఇది. బ్లూస్‌లో పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల లాంటివి) వరస ఉంటుంది, ఎ లో అయితే ఎ7 నాలుగు బార్లు, డి7 రెండు, మళ్ళీ ఎ7 రెండు, ఇ7 ఒకటి, డి7 ఒకటి, చివర ఎ7 రెండు. ఎ7 కార్డులో సి షార్ప్ (సి కంటే ఒక ఫ్రెట్ పైన) ఉంది, ఎ మైనర్ పెంటాటోనిక్‌లో మామూలు సి ఉంది. ఒక్క ఫ్రెట్ ఎడం, పుస్తకం ప్రకారం గీరుకోవాలి. గీరుకుంటుంది కూడా, బ్లూస్ రుచి ఆ గీరులోనే ఉంది. వాయించేవాళ్ళు మూడో తీగ ఐదో ఫ్రెట్ మీది సి ని కొంచెం పైకి లాగి, సి కీ సి షార్ప్ కీ మధ్య ఎక్కడో వదిలేస్తారు. మన చెవికి అది కొత్తేం కాదు, రెండు స్వరస్థానాల మధ్య ఊగే గాంధారాలు మనకి చాలానే ఉన్నాయి.

అదే సి ని డి7 వచ్చినప్పుడు వాయిస్తే ఏ గీరూ ఉండదు, ఎందుకంటే డి7 లో సి సొంత స్వరం. ఇ7 వచ్చేసరికి జి కీ ఆ కార్డులోని జి షార్ప్ కీ పేచీ మొదలవుతుంది. కాబట్టి "ఒకే బాక్సు అన్ని కార్డుల మీదా పనిచేస్తుంది" అన్న రీల్స్ ఆయన మాట నిజమే గానీ, ఒకే స్వరం బలం కార్డు కార్డుకీ మారుతుందన్నది ఆయన వదిలేసిన సగం. దీనికి తోడు బ్లూ నోట్ అని డి కీ ఇ కీ మధ్య ఒకటి చేరుస్తారు, ఐదో తీగ ఆరో ఫ్రెట్, మూడో తీగ ఎనిమిదో ఫ్రెట్. దాని మీద నిలబడేవాళ్ళు తక్కువ, దాని మీదుగా జారిపోతారు.

సాధన మీద రెండు బళ్ళు

ఒక బడి వాళ్ళు బాక్సులతో మొదలుపెట్టమంటారు. తొందరగా చేతికొస్తుంది, వారంలో ఏదో ఒకటి వాయించిన తృప్తి ఉంటుంది, తృప్తి లేకపోతే గిటార్ అటక ఎక్కుతుంది, ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. రెండో బడి వాళ్ళు ఒకే తీగ మీద మొదలుపెట్టమంటారు. స నుంచి గ కి మూడు ఫ్రెట్లు, గ నుంచి మ కి రెండు, ఇలా దూరాలు కంటికీ చెవికీ కలిసి తెలుస్తాయి, జారడం కూడా అక్కడే వస్తుంది. నెమ్మది ఎక్కువ. బాక్సులతో వెళ్ళినవాళ్ళు ఏడాది తర్వాత ఒకే తీగ దగ్గరికి రావడం, ఒకే తీగతో వెళ్ళినవాళ్ళు వేగం కోసం బాక్సుల దగ్గరికి రావడం మామూలే.

వేగం మీద కూడా వాదన ఉంది. మెట్రోనోమ్ (లయ కోసం క్లిక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి ఒక క్లిక్‌కి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు వాయించే పద్ధతి గిటార్ పుస్తకాల్లో కనిపిస్తుంది, మనకది మూడు కాలాల్లో సరళీ స్వరాలు. జంట స్వరాలు, దాటు స్వరాలు కూడా ఈ స్కేలుకి బాగా అతుకుతాయి. ఉదాహరణకి నాలుగేసి గుంపులు: స గ మ ప, గ మ ప ని, మ ప ని స, ప ని స గ. ఐదు స్వరాల స్కేల్లో నాలుగేసి తీసుకోవడం వల్ల స గుంపు గుంపుకీ వేరే చోట పడుతుంది, మొదటి దాంట్లో ముందు, రెండో దాంట్లో అసలు ఉండదు, మూడో దాంట్లో చివర, నాలుగో దాంట్లో మూడోది. తీగ మారే చోటు కూడా మారుతూ ఉంటుంది కాబట్టి వేళ్ళు బట్టీ పట్టడానికి కుదరదు. వ్యతిరేకించేవాళ్ళు అనేదేంటంటే, ఇలాంటి వరసలు ఎక్కువ చేస్తే సోలోలో కూడా వరసలే వస్తాయి, దాని బదులు విన్న పాటలోని ఒక చరణం ఎత్తుకుని ఆ బాక్సులో వెతుక్కోవడం మేలని. పాటని చెవితో వెతుక్కునేవాడికి స ఎక్కడో ముందు తేల్చుకోక తప్పదు, ఆ ఒక్క కారణానికి నా ఓటు కొంచెం అటే.

బ్యాకింగ్ ట్రాకా, తంబూరా? ట్రాకులో కార్డులు మారతాయి కాబట్టి పైన చెప్పిన సి, జి పేచీలు అర్థమవుతాయి. తంబూరలో స కదలదు కాబట్టి ప్రతి స్వరానికీ స తో ఉన్న బంధం వినపడుతుంది. రెండింటి పనీ వేరు, పోటీ పెట్టడం అనవసరం.

ఖాళీగా ఉన్న రెండు చోట్లు

చివరిగా "పెంటాటోనిక్ దాటి ఎప్పుడు వెళ్ళాలి" అనే ప్రశ్న. ఎ మైనర్ పెంటాటోనిక్‌లో రి, ద లేవు. వాటిని నింపడానికి ఒక్కోదానికి రెండేసి దారులు, బి ఫ్లాట్ (బి కి ఒక ఫ్రెట్ కింద) లేక బి, ఎఫ్ లేక ఎఫ్ షార్ప్. బి, ఎఫ్ షార్ప్ వేస్తే ఖరహరప్రియ స్వరాలు, గిటార్ భాషలో డోరియన్. బి, ఎఫ్ వేస్తే నటభైరవి, మామూలు నేచురల్ మైనర్. బి ఫ్లాట్, ఎఫ్ అయితే తోడి మేళం, ఫ్రిజియన్. బి ఫ్లాట్, ఎఫ్ షార్ప్ అయితే నాటకప్రియ, గిటార్ క్లాసులో దాని జోలికి ఎవరూ పోరు.

ఏది వెయ్యాలో కార్డులే చెప్తాయి. పాటలో ఎ మైనర్ తర్వాత డి మేజర్ వస్తుంటే ఆ డి లో ఎఫ్ షార్ప్ ఉంది, కాబట్టి నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ పలుకుతుంది. ఎ మైనర్, ఎఫ్, జి అని తిరుగుతుంటే మామూలు ఎఫ్, ఐదో తీగ ఎనిమిదో ఫ్రెట్. రెండూ వచ్చే పాటయితే కార్డు మారినప్పుడల్లా ద కూడా మారాలి, అలాంటి పాటలో ఈ రెండు చోట్లనీ ఖాళీగా వదిలేసి ఐదు స్వరాలతోనే వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది, వినేవాళ్ళకి ఏ లోటూ తెలియదు.